నాగజెముడు జాడీ

మా స్టోరు గదిలో ఒక పింగాణీ జాడీ ఏడాది పాటు మూత తీయకుండా ఉంది. దాని మూతికి నీలం జీన్స్ గుడ్డ కట్టి, గుడ్డ చుట్టూ పురికొస బిగించి ఉంది. పురికొసకు రెండు ముడులు. ఆ ముడులు మా ఆయన వేసినవి. పోయిన ఏడాది ఆషాఢంలో ఆయన చనిపోయాడు. ఆ జాడీలో ఉన్నదే ఆయన్ని చంపిందని ఊళ్లో కొందరి అనుమానం. నాదీ అదే అనుమానం. అయితే అందులోకి విషం ఎలా చేరిందన్న చోట ఊరి అనుమానం వేరు, నాది వేరు. నా అనుమానం నా మీదే. దాన్ని ఎవరికీ తెలియనివ్వకుండా ఏడాది పాటు నేను ఏం చేశానో, చివరికి ఆ మూత ఎందుకు తీయాల్సి వచ్చిందో రాస్తున్నాను.

ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. ఇద్దరి ఉద్యోగాలూ అయిపోయాక, బత్తలపల్లె అవతల ఆయన వాటాకు వచ్చిన పొలంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. పొలంలో ముప్పై చీనీ చెట్లు, అంటే బత్తాయి, కంచె పొడుగునా దానిమ్మ. బోరు ఎండిపోయాక ట్యాంకరు నీళ్లతోనే చెట్లను నిలబెట్టుకుంటూ వచ్చాం. నీళ్లు సరిగా అందక దానిమ్మ కాయలు చెట్టు మీదే పగిలేవి. పగిలిన కాయను వ్యాపారి తీసుకోడు. ఒక ఏడాది ఆయన ఆ కాయలన్నీ ఒలిచి, గింజలు పిసికి, బెల్లం కలిపి జాడీలో పోసి గుడ్డ కట్టాడు. అలా మొదలైంది.

తర్వాత దొరికిన పండునల్లా జాడీలో వేసి చూశాడు. నేరేడు, సీతాఫలం, రేగుపండ్లు, కొండ మీద ముళ్లపొదలకు వానాకాలంలో కాసే నల్లటి కలేపండ్లు. పద్ధతి ఒక్కటే. పండు కడిగి చిదమాలి. బెల్లం తూచి వేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు చిటికెడు కలపాలి. రోజూ పొద్దున చెక్క గరిటెతో తిప్పాలి. తీపి ఎంత తగ్గిందో చూడటానికి పాలకేంద్రం వాళ్లు పక్కన పడేసిన లాక్టోమీటరు వాడేవాడు. పొంగు ఆగిందో లేదో తెలుసుకోవడానికి జాడీకి చెవి ఆనించి వినేవాడు. లోపల చిటపట ఆగాక వడకట్టి, ఇంకో జాడీలో పోసి, రెండు నెలలు కదపకుండా ఉంచేవాడు. ఆ రెండు నెలల విషయంలో ఆయన చాలా పట్టుదల మనిషి. ఎవరు అడిగినా ముందుగా మూత తీసేవాడు కాదు.

ఆయన తాగేది తక్కువ. సాయంత్రం ఒక చిన్న స్టీలు గ్లాసు. గాజు గ్లాసులు ఇంట్లో ఉన్నా ఆయనకు స్టీలే అలవాటు. ఆ గ్లాసుతో అరుగు మీద కూర్చునేవాడు. పక్కన నేను పుస్తకంతో. నేను రెండుసార్లే రుచి చూశాను, దానిమ్మది ఒకసారి, కలేపండ్లది ఒకసారి. కలేపండ్లది నాకు నచ్చింది. ముందు పులుపు, మింగాక నాలుక వెనక కొంచెం వగరు.

సారా కూడా ఒకసారి ప్రయత్నించాడు. కాలేజీ పాత సామాను వేలం వేసినప్పుడు కొన్న గాజు కండెన్సరు ఒకటి ఉండేది. పులిసిన చీనీ రసాన్ని ప్రెషర్ కుక్కరులో కాచి, ఆవిరిని ఆ గొట్టంలో చల్లార్చాడు. మొదట దిగినదాన్ని కొలిచి మరీ పారబోశాడు.

"మొదట వచ్చేది కండ్లు తీస్తాది," అన్నాడు.

మిగిలింది ఒక చిన్న సీసాడు. కానీ గొట్టాన్ని చల్లగా ఉంచడానికి నాలుగు బకెట్ల నీళ్లు అయిపోయాయి.

"నాలుగు బకెట్లు పోసి సీసాడు తెచ్చుకుంటివి. ఇదేమన్నా లెక్కనా?" అన్నాను.

"సారాయి కాస్తే జైలు. నీళ్లు పారబోస్తే నువ్వు. జైలే మేలు," అన్నాడు.

కండెన్సరు అటకెక్కింది. మళ్లీ దిగలేదు.

నాగజెముడు ఆలోచన గొర్రెల కాపరిది. ఆయన మందను రోజూ మా కంచె పక్కనుంచే తోలుకుపోయేవాడు. గేటు దగ్గర ఆగి, చెంబుడు నీళ్లు తాగి, మా ఆయనతో రెండు మాటలు మాట్లాడి పోయేవాడు.

"సారూ, ఊర్లో ఉండే పండ్లన్నీ నానేసినావు. నాగజెముడు పండు ఏం పాపం చేసినాది?" అన్నాడు ఒకరోజు.

నాగజెముడుకు పెద్దగా కాలం లేదు. ఏదో ఒక గట్టున ఎప్పుడూ కాస్తూనే ఉంటుంది. కాపరి ఆ ఎర్రటి పండ్లు కోసి, ఇసుకలో దొర్లించి, వేపమండతో రుద్ది, పైనున్న ముళ్లు రాల్చి తెచ్చాడు. కంటికి కనబడే ముళ్లు పోయాయి కానీ, కనబడని నూగు పోలేదు. మొదటిసారి మా ఆయన ఆ పండ్ల రసాన్ని పాత పంచెలో వడకట్టాడు. నూగు పంచెలోంచి దిగిపోయింది. రెండు రోజులు ఆయన పెదవులు వాచి ఉన్నాయి.

అప్పుడే మా మరిది వచ్చాడు. మరిది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. అన్న మూతి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమన్నా, ముండ్లపందిని గాని ముద్దు పెట్టుకున్న్యావా?"

తర్వాతిసారి వచ్చేటప్పుడు జీన్స్ ముక్కల కట్ట ఒకటి తెచ్చాడు. దళసరి గుడ్డ. అందులోంచి నూగు దిగదు.

"కానీ వదినా, ఇది కొత్త గుడ్డ. రంగు ఇడుస్తాది," అన్నాడు నాతో. "ఉడుకునీళ్లలో ఉప్పేసి మూడుసార్లు ఉతకాల. మూడంటే మూడు. ఆ రంగు కడుపులోకి పోయేది మంచిది కాదు. మా యూనిట్ల కాడ ఆ నీళ్లు పారే కాలవలో గడ్డి కూడా మొలవదు."

ఉతకడం నా పని అయింది. రెండేళ్లు ప్రతిసారీ మూడుసార్లు ఉతికాను. వడకట్టినది గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పెడితే ముదురు గులాబీ రంగులో, అడుగు కనబడేంత తేటగా ఉండేది.

పోయిన ఏడాది ఎండాకాలం ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. ఒక్కోసారి అయిదో రోజు. ట్యాంకరు రాని ఒక రోజున నాగజెముడు రసం వడకట్టాల్సి వచ్చింది. గుడ్డను ఉప్పు నీళ్లలో ఒకసారి ఉడికించి ఉతికాను. ఇంకా రెండుసార్లు ఉతకాలంటే మిగిలిన రెండు బకెట్లూ అయిపోతాయి. నేను నాలుగు రోజులుగా తలకు పోసుకోలేదు. ఆ రెండు బకెట్లతో తలకు పోసుకున్నాను. ఇది సాకుగా చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

"మూడుసార్లు ఉతికినావా?" అని అడిగాడు ఆయన.

"ఉతికినా," అన్నాను.

ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయనకు నేను చెప్పిన అబద్ధాలు చాలానే ఉంటాయి. అవన్నీ ఇంతే ఉంటాయి, ఇంత చిన్నవి. ఆయన వడకట్టాడు. గాజు గ్లాసులో కొంచెం పట్టి కిటికీ వైపు ఎత్తి చూశాడు. గులాబీ రంగు లేదు. మబ్బుగా, ఊదాకు తిరిగిన రంగు. గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మడ్డి అయుంటాది. దిగుతాదిలే," అన్నాను.

"దిగుతాది," అన్నాడు. జాడీలో పోసి, పక్కనున్న ఇంకో గుడ్డ ముక్క మూతికి కట్టి, పురికొసకు రెండు ముడులు వేశాడు.

రెండు రోజుల తర్వాత నేను పుట్టపర్తిలో మా అక్క ఇంటికి వెళ్లి, రెండు రోజులు ఉండి వచ్చాను. వచ్చిన సాయంత్రం ఆయన స్టీలు గ్లాసుతో అరుగు మీద ఉన్నాడు. నాగజెముడు జాడీ మూత తీసి కట్టినట్టు కనబడింది.

"రెండు నెలలు అన్నావే? ఇంత తొందరనా?"

"ఈసారి బాగా కుదిరింది," అన్నాడు.

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే గుడ్డ మాట వస్తుందని భయం. మూడు వారాలు రోజూ ఆ గ్లాసు చూస్తూ పక్కన కూర్చుని చదువుకున్నాను. ఏం చదివానో ఒక్క పేజీ గుర్తు లేదు.

మూడు వారాల తర్వాత ఆయన కళ్లు పచ్చబడ్డాయి. అనంతపురంలో ఆసుపత్రిలో చేర్పించాం. లివరు అన్నారు. తాగుడు ఉందా అని డాక్టరు అడిగాడు. ఇంట్లో చేసుకున్నది, రోజుకు చిన్న గ్లాసు అని చెప్పాను. దేంతో చేశారని అడిగాడు. నాగజెముడు పండ్లతో అని చెప్పాను. డాక్టరు రాయడం ఆపి నా వైపు చూశాడు. గుడ్డ సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. తొమ్మిదో రోజున ఆయన పోయాడు. ఏదైనా వైరస్ కావచ్చు, తిన్నదీ తాగినదీ ఏదైనా కావచ్చు, ఇప్పుడు చెప్పలేం అన్నారు.

ఆయన పోయిన పదకొండో రోజున ఇంటి నిండా మనుషులు. ఎవరో అడిగారు, ఉన్నట్టుండి ఇట్ల ఎట్లయిందమ్మా అని. నా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"ఆ పండ్లు గొర్రెలాయన యాడ కోసుకొచ్చినాడో ఏమో. మందు కొట్టిన తోటల గట్టు మిందవేమో."

ఒక్క మాటే. మళ్లీ అనలేదు. అనాల్సిన పని కూడా రాలేదు. మా వైపు వానలకు ముందు రైతులు గొర్రెల మందను రాత్రుళ్లు పొలంలో పడుకోబెట్టించుకుంటారు, ఎరువు కోసం. కాపరికి ఏడాది బతుకులో అది పెద్ద భాగం. ఆ ఏడాది మా చుట్టుపక్కల ఎవరూ ఆయన మందను పిలవలేదు. పండ్ల మీద మొదలైన అనుమానం మనిషి మీదికి, మనిషి నుంచి గొర్రెల మీదికి పోయింది. కాపరి మా కంచె దారి మానేసి కొండ చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. నేను గేటుకు గొళ్లెం పెట్టాను.

కాపరితో ఆగలేదు. ఆయన పోయాక స్టోరు గది సర్దుతుంటే కలేపండ్ల జాడీ ఖాళీగా కనబడింది. అంతకు ముందు వానాకాలంలో చేసింది, మూతి దాకా ఉండాల్సింది. కడిగి బోర్లించి ఉంది. దినాలకు వచ్చి వారం ఉన్నది మరిది ఒక్కడే. అన్న చచ్చిపోతే అన్న జాడీ ఖాళీ చేసి పోయాడనుకున్నాను. అడగలేదు. స్టోరు గదికి తాళం వేసి తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. మరిది అది చూశాడు. తర్వాత నాలుగు నెలలు రాలేదు.

రంగుల గురించి, వాటిలో కలిపే మందుల గురించి పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి దాచాను. ఒక్కదానిలోనూ నాకు కావలసినది లేదు. ఒకసారి ఉతికిన జీన్స్ గుడ్డలో వడకట్టిన సారం మూడు వారాలు తాగితే మనిషి చస్తాడా, చావడా? ఎవరూ రాయలేదు. జాడీని పరీక్షకు పంపవచ్చు. పంపితే తేలిపోతుంది. తేలకూడదనే పంపలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏడాది దగ్గర పడింది. మా ఇళ్లలో ఏడాది నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, ఆ గది తలుపు మూసి అందరూ బయట నిలబడతారు. కాసేపటికి ఇంటి పెద్దావిడ మూడుసార్లు చప్పట్లు కొట్టి తలుపు తీస్తుంది. ఆకులో పెట్టినదేదీ పారేయకూడదు. అందరూ తలా ఇంత తినాలి. ఆ మనిషికి తాగే అలవాటు ఉంటే అదీ పెట్టాలి. ఆ గ్లాసును ఇంట్లో పెద్ద మగవాడు మొదట నోట పెట్టుకుని మిగతావాళ్లకు అందించాలి.

ఇది నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ ఏడాది అంతా దాని గురించి ఆలోచించకుండా గడిపాను. ముందు రోజు మరిది వచ్చాడు. స్టోరు గది తాళం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"వదినా, అంగట్లో ఒక క్వార్టరు తెస్తా. అదే పెడదాం."

మరిదికీ ఆ జాడీ అంటే భయమే. నాకు ఆ క్షణంలో ప్రాణం లేచి వచ్చింది. సరే అనబోయాను. మంచం మీద నుంచి మా ఆయన మేనత్త లేచి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఏడాదికని పెనుకొండ నుంచి తీసుకొచ్చారు.

"వాడు అంగడిది ఎప్పుడన్నా తాగినాడా? చచ్చినాంక అలవాటు చేస్తారా నా అల్లునికి? వాని చేతిది ఇంట్లో ఉండంగా?"

"అది కాదత్తా, అది పాతదైపోయింది," అన్నాను.

"పాతబడేదే గదే వాడు చేసేది." ఆమె నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది. "ఆ పండ్లు తెచ్చినోన్ని గూడా పిలిపీ. వాడు లేకుంటే ఆ జాడీ యాడిది?"

కాపరికి కబురు ఆమే పంపించింది.

ఆ రోజు పొద్దున వంట అయింది. రాగిముద్ద, నాటుకోడి కూర, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. ఆకులో వడ్డించాను. జాడీని మరిదీ నేనూ పట్టుకుని గదిలో పెట్టాం. ముడులు నేను విప్పాను. పురికొస బిగుసుకుపోయి విప్పడానికి చాలాసేపు పట్టింది. గరిటె ముంచి ఆయన స్టీలు గ్లాసులో పోశాను. గదిలో కిటికీ మూసి ఉంది. రంగు కనబడలేదు. కనబడకపోవడమే నాకు కావాలి.

బయటికి వచ్చి అరుగు మీద నిలబడ్డాం. అరుగు కింద మెట్టు మీద కాపరి కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు. నేనూ పలకరించలేదు. మేనత్త మూడుసార్లు చప్పట్లు కొట్టి తలుపు తీయించింది. గ్లాసు తెచ్చి మరిది చేతిలో పెట్టింది.

మరిది గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తా, నేను బీపీ మాత్ర ఏసుకున్న్యా ఇప్పుడే."

"పోయిన పండక్కి బాటిలు ఖాళీ చేసిన పొద్దు ఆ మాత్ర యాడికి పోయిండె?"

ఎవరో నవ్వారు. మరిది నవ్వలేదు. గ్లాసును పెదవుల దాకా తీసుకుపోయాడు. వద్దనుకుంటూనే అన్న కోసం తాగబోతున్నాడు. ఈ మనిషినే నేను దొంగ అనుకున్నాను.

"తాగొద్దు," అన్నాను. "దాంట్లో జీన్స్ రంగు ఉండాది. ఆ పొద్దు గుడ్డ నేను ఒకసారే ఉతికినా. మూడుసార్లు ఉతికినానని ఆయనకు అబద్ధం చెప్పినా. పండ్లలో ఏమీ లేదు. ఆ మాట కూడా నేను ఊరికే అన్నదే."

మరిది గ్లాసు దించాడు. మెట్టు మీద కూర్చున్న కాపరి టవల్ దులిపి భుజాన వేసుకుని లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను.

"తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు ఒకసారే ఉతికింది. సారు అప్పుడే చెప్పినాడు. నువ్వు పుట్టపర్తికి పోయిన పొద్దు నన్ను కేకేసినాడు. 'రంగు దిగిండాదప్పా, ఇది తాగేదానికి పనికిరాదు, జాడీ ఒక పట్టు పట్టు' అన్నాడు. చీనీ చెట్ల కాడ పోద్దామా అంటే, చెట్లకెందుకు ఈ కర్మ అన్నాడు. కంచె అవతల బండ మింద పోసినాం. ఆ గుడ్డా ఆడనే పారేసినాడు. జాడీ కడిగి, నీకు ఖాళీగా కనపడకూడదని, కలేపండ్లది ఉండె కదా, అది దీంట్లోకి వంచినాడు. 'మీ అక్కకు చెప్పొద్దు' అన్నాడు."

"ఎందుకు?"

"'నీళ్లు లేకుంటే ఏం ఉతుకుతాది, నేనుగాని అడిగితే ఊరికే నొచ్చుకుంటాది' అన్నాడు."

నేను నమ్మలేదు. ఏడాది పాటు ఒకదాన్ని నమ్మి బతికాక ఇంకోదాన్ని అంత తొందరగా నమ్మడం నాకు చేతకాలేదు.

"నన్ను ఓదార్చేదానికి చెప్తాండావా?"

కాపరికి కోపం వచ్చింది.

"నిన్ను ఓదార్చల్లని నాకేం పట్టిండాదక్కా? ఏడాదిగా నా మందను ఒక్కడు పొలంలోకి పిలవల్యా. ఎవురి మాట వల్ల? నీ మింద నాకు పీకల దాకా కోపం ఉండాది. నిన్ను ఓదార్చేంత మంచోన్ని కాదు నేను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదప్పా?" అన్నాడు మరిది.

"ఎవురికి? గేటుకు గొళ్లెం పెట్టుకున్న్యామెకా? సారు చెప్పొద్దన్న్యాడు. చెప్పమనే దానికి సారు ల్యాడు."

నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. ఆకు, గ్లాసు, మనుషులు అందరూ అక్కడే ఉన్నారు. గేటు తీసి, కంచె పక్కనుంచి నడిచి, బండ దగ్గరికి వెళ్లాను. ఏడాదిలో ఆ వైపు ఒక్కసారి కూడా పోలేదు. పనేమీ లేదు ఆ వైపు.

బండ మీద వాలుగా ఒక మరక ఉంది. ఎండకు వెలిసి, చూడాలనుకున్నవాళ్లకే కనబడేటట్టు ఉంది. మరక అని మనసు అనుకుంటోందేమోనని వంగి గోటితో గీకాను. బండ పగులులో గీకినంత మేర నీలం. పోయిన ఏడాది మా వైపు పడిన వాన ఒక బండను కడగడానికి కూడా చాలలేదు. పక్కన చదునుగా ఒక రాయి, దాని కింద గుడ్డ కొస. గాలికి ఎగిరి గొర్రెల నోట పడకుండా రాయి పెట్టినట్టున్నాడు. బయట ఉన్న కొస ఎండకు తెల్లబడి ఉంది. రాయి ఎత్తాను. రాయి కింద ఉన్నంత మేర గుడ్డ ముదురు నీలంగా ఉంది. అంచున నేను వేసిన కుట్టు ఉంది. వడకట్టేటప్పుడు పోగులు రాలకుండా ఎర్రదారంతో వేసిన కుట్టు.

కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చింది కోపం. ఆయన మీద. ఎందుకు అబద్ధం చెప్పావని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. సాయంత్రం దాకా మూతి ముడుచుకుని ఉండేదాన్ని, అంతే. నన్ను నొప్పించకూడదని ఆయన దాచాడు. పట్టుబడకూడదని నేను దాచాను. ఇద్దరం ఒకే అరుగు మీద మూడు వారాలు కూర్చున్నాం. నేను ఆ గ్లాసులోకి తొంగి చూడలేదు. చూసి ఉంటే రంగు తెలిసేది.

గుడ్డ చేత్తో పట్టుకుని తిరిగి వచ్చాను. మరిది ఇంకా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. దాన్ని తీసుకుని నేను ముందు తాగాను. ఆడవాళ్లు ముందు తాగే ఆచారం లేదు మా ఇళ్లలో. ముందు పులుపు తగిలింది. మింగాక నాలుక వెనక వగరు.

గ్లాసును మరిదికి ఇవ్వలేదు. మెట్లు దిగి కాపరికి ఇచ్చాను.

"ఆ పొద్దు నేనన్న మాట తప్పప్పా," అన్నాను, అందరికీ వినబడేటట్టు.

ఆయన ఒక గుటక వేసి, టవల్ కొసతో మూతి తుడుచుకున్నాడు.

"తప్పు ఈడ చెప్తే సరిపోదక్కా. నువ్వు యాడ యాడ అనుంటివో ఆడికంతా పోయి చెప్పాల."

పోయి చెప్పాను. పదకొండో రోజున మా ఇంటికి వచ్చినవాళ్లలో గుర్తున్నవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లాను. కొందరు నమ్మారు. కొందరు, పాపం మొగుడు పోయి మతి సరిగా లేదు అన్నట్టు చూశారు. వాళ్లు నన్ను అనుమానించడం నాకు న్యాయంగానే తోచింది. ఆ నెలలోనే మందను మూడు రోజులు మా చీనీ చెట్ల మధ్య కట్టించుకున్నాను. తర్వాత ఇంకో ఇద్దరు రైతులు పిలిచారు. మునుపు పిలిచినంతమంది కాదు.

స్టోరు గదికి తాళం తీసేశాను. తాళం ఎందుకు వేశానో మరిదికి చెప్పాను. "నేనైతే రెండు జాడీలూ ఎత్తుకపోయేటోన్ని వదినా," అన్నాడు.

ఆయన ఎందుకు చనిపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. గుడ్డ కాదని తెలిసింది. కలేపండ్లది కాదని తెలియడానికి నేను రోజూ సాయంత్రం ఆయన గ్లాసుతో కొంచెం తాగుతున్నాను. మూడు వారాలు దాటింది. ఏమీ కాలేదు. ఆసుపత్రి కాగితాలు మళ్లీ తీసి చదివాను. వాటిలో నాకు అర్థమయ్యేది లేదు. దానికి ఇంక ఎవర్ని అడగాలో తెలియదు, ఎవర్ని అనుమానించాలో కూడా తెలియదు.

ఈ మధ్య ఒకరోజు కాపరి గేటు దగ్గర ఆగాడు. చేతిలో ఇసుకలో దొర్లించి తెచ్చిన నాగజెముడు పండ్ల గంప.

"చేస్తావా, గొర్రెలకు ఏయల్లా?" అన్నాడు.

"పెట్టు," అన్నాను.

పద్ధతి ఆయన నోటుపుస్తకంలో రాసి ఉంది. పండ్లు చిదిమి, బెల్లం వేసి, రోజూ పొద్దున తిప్పాను. చిటపట ఆగిన రోజున ట్యాంకరు కూడా వచ్చింది. కొత్త గుడ్డ ముక్క తీసి, అంచు కుట్టి, ఉప్పు నీళ్లు పొయ్యి మీద పెట్టాను. కాపరి మందను నీడకు తోలి, వచ్చి అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు తాగడానికి వచ్చాడనుకున్నాను. చెంబు ఇచ్చాను. తాగాక కూడా పోలేదు. మొదటిసారి ఉతికి పిండి నీళ్లు పారబోశాను. నీలం నీళ్లు. రెండోసారి ఉతికి పిండాను. నీళ్లు దాదాపు తేటగానే ఉన్నాయి. గుడ్డ విదిలించి తీగ మీద వేయబోయాను.

"ఇంగొకటి ఉండాదక్కా," అన్నాడు.